భాషా బోధన, సాంకేతికత: తడ, శ్రీహరికోట ప్రాంతం

తడ తిరుపతి జిల్లాలో, చెన్నై–గూడూరు రైలు మార్గం మీద, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇక్కడ రెండో భాష పట్టుబడడానికి బడికే వెళ్ళాలని లేదు, పులికాట్ సరస్సు చేపల దగ్గర నాలుగు రోజులు బేరమాడితే చాలు. సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, చెంగల్పట్టు జిల్లా గ్రామాలు కొన్ని ఆంధ్రకు వచ్చాయి. హద్దు మారినా ఇళ్ళల్లో మాట మారలేదు.

పద్ధతిగా తెలుగు నేర్పడం దొరల అవసరంతో ఊపందుకుంది. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దక్షిణాది భాషలు చెప్పించారు. ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లో అచ్చేయించిన తెలుగు వ్యాకరణం ఆ అవసరానికి పుట్టిందే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని కంపెనీ అధికారి ఎల్లిస్ వాదించింది దాని ముందుమాటలోనే. అప్పటి కొత్త యంత్రం అచ్చు మిషనే.

తర్వాతి పెద్ద మలుపు ఆకాశం నుంచి వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్–6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఒకే బొమ్మకు రెండు ధ్వని మార్గాలు ఉండడంతో అదే దృశ్యానికి రెండు భాషల్లో మాట వినిపించే వీలుండేది. లోటు ఒక్కటే: పిల్లవాడు పలికింది టీవీకి వినపడదు.

ఆ లోటు తీర్చే ఉపగ్రహం తడ ఎదురుగా, సరస్సు అవతల ఉన్న శ్రీహరికోట నుంచే లేచింది. 1,950 కిలోల ఎడ్యుశాట్‌ను 2004 సెప్టెంబరు 20న జీఎస్ఎల్వీ–ఎఫ్01 రాకెట్ మోసుకెళ్ళింది. కేవలం చదువు కోసం పంపిన తొలి భారతీయ ఉపగ్రహం అదే. అటు పాఠం చెప్పేవారిని ఇటునుంచి ప్రశ్న అడిగే ఏర్పాటు దీని ప్రత్యేకత. 2010లో దాని పని ముగిసింది. ఆకాశవాణిలో వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలు ఇదే పనిని చౌకలో చేశాయి. ప్రశ్న వేసి కాసేపు ఆగేవి, ఆ ఖాళీలో తరగతంతా కలిసి జవాబు చెప్పేది. నా లెక్కన ఖరీదైన పరికరాలు చాలావాటి కంటే ఆ కాస్త మౌనమే గొప్ప ఉపాయం.

2020లో కరోనా వల్ల బడులు మూతపడితే దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ పాఠాలు వచ్చాయి. అదే విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. 2022 డిసెంబరులో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. పాఠాలు ముందే కార్డులో నింపి ఇవ్వడంతో నెట్ అందని చోట కూడా అవి నడిచాయి.

తడ పక్కనున్న శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఇప్పుడు జపాన్ కంపెనీలు వాహనాలు, యంత్రాలు తయారుచేస్తున్నాయి. ఇసుజు కర్మాగారం 2016లో మొదలైంది. చుట్టుపక్కల చాలా సర్కారు బడుల్లో నేర్పే భాషలు మాత్రం తెలుగు, హిందీ, ఇంగ్లీషు; జపనీస్ కాదు.