చౌక కరెంటు బండి మన పల్లెకు ఎందుకు ఆలస్యంగా వచ్చింది?

పోస్టు జెర పెద్దగ ఉంటది, ఓపికతోని చదవుండ్రి.

కల్వకుర్తి అంగడిలో, మార్కెట్ యార్డు కాడ, హోటళ్ల ముంగట ఇప్పుడు ఒకటే ముచ్చట. "తక్కువ రేటుకు కరెంటు బండి వస్తుందట గదా, తీసుకోవచ్చా?" అని. షోరూమోళ్లు ఒక మాట చెప్తరు, కొన్నోళ్లు ఇంకో మాట చెప్తరు. నాకు తోచింది ఏందంటే, ఈ బండి వెనక చరిత్ర తెలిస్తే జవాబు మనకే దొరుకుతది. ఇంతకుముందు కూడా చౌక కరెంటు బండ్లు వచ్చినయ్, పోయినయ్. ఎందుకు పోయినయో తెలుసుకోకుండా కొత్తది కొనడమంటే, ఎండిపోయిన బోరు పక్కనే మళ్లీ బోరు ఏసినట్టు.

మొదట లూనా సంగతి. 1972లో పుణెకు చెందిన కైనెటిక్ కంపెనీ లూనాను తెచ్చింది. అది 50 సీసీ ఇంజను, పెడల్ కూడా ఉన్న చిన్న బండి. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది, దాని మీద ఇద్దరు కూర్చోవచ్చు. పాల క్యాన్లు, గడ్డిమోపు, ఎరువు బస్తా, ఇంటిల్లిపాది సామాను అన్నీ దాని మీదనే పోయినయ్. ఆ బండ్లు పల్లెలో నిలబడ్డది రేటు తక్కువ ఉండబట్టి మాత్రమే కాదు. అప్పటిదాకా సైకిళ్లకు పంచరు ఏసిన మెకానికే ఆ ఇంజను విప్పడం నేర్చుకున్నడు. ప్లగ్గు, కార్బొరేటర్, క్లచ్ తీగ ప్రతి మండల కేంద్రంలో దొరికినయ్. బండి ఎక్కడ ఆగినా నాలుగు కిలోమీటర్లు నూకితే బాగుచేసేటోడు ఉన్నడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని కాడికే వస్తం.

కరెంటుతో నడిచే సైకిలు కొత్త ఆలోచన ఏం కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895లోనే, వెనక చక్రం మధ్యలో మోటరు బిగించిన సైకిలుకు పేటెంటు తీసుకున్నడు. ఇయ్యాల మన దగ్గర అమ్మే చాలా చిన్న బండ్లలో కూడా మోటరు అక్కడనే, చక్రం మధ్యలోనే ఉంటది. అంటే నూట ఇరవై ఏండ్లకు పైగా ఆగింది మోటరు కాడ కాదు, బ్యాటరీ కాడ.

మన దేశంలో మొదటి అల 2006 నుంచి 2008 మధ్య లేచింది. గుజరాత్ నుంచి యో బైకులు, హీరో ఎలక్ట్రిక్, టీవీఎస్ వాళ్ల టీన్జ్ వచ్చినయ్. అప్పటి చౌక బండ్లలో ఎక్కువ వాటికి మన ట్రాక్టరుకు ఉండే జాతి సీసం బ్యాటరీలే. 12 వోల్టులవి నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. బరువు ఎక్కువ, ఏడాది రెండేండ్లకే నీరసం. కొత్త సెట్టు కొనాలంటే బండి రేటులో పెద్ద భాగం అయ్యేది. దానికి తోడు అప్పట్లో మన పల్లెల్లో కరెంటు ఎట్లుండెనో మీకే తెలుసు. బాయికాడ మోటరుకు రాత్రిపూట విడతలు విడతలుగా ఇచ్చేటోళ్లు, ఇండ్లల్లో కోతలు. అసొంటి కాలంలో రాత్రంతా బండికి ఛార్జింగ్ ఏం పెడతం?

2010 నవంబరులో కేంద్రం సబ్సిడీ మొదలుపెట్టింది. తక్కువ వేగం బండికి 4,000, ఎక్కువ వేగం బండికి 5,000 రూపాయల దాకా. అమ్మకాలు పెరిగినయ్. 2011-12లో దేశం మొత్తం మీద దాదాపు లక్ష కరెంటు టూవీలర్లు అమ్ముడుపోయినయ్. 2012 మార్చిలో సబ్సిడీ బందయింది. 2014-15 నాటికి అమ్మకాలు పదహారు వేలకు పడిపోయినయ్. చాలా కంపెనీలు దుకాణం సర్దుకున్నయ్. కొన్నోళ్ల బండ్లు మాత్రం ఇంట్లనే మిగిలినయ్. కంట్రోలర్ పోతే కొత్తది దొరకలే, బ్యాటరీ పోతే అమ్మినాయన కనబడలే. ఇది మొదటి పాఠం: సబ్సిడీ బండిని అమ్మగలదు కానీ, బాగుచేసేటోన్ని తయారుచేయలేదు.

ఇప్పుడు 25 కిలోమీటర్ల రూలు గురించి. మోటరు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉంటే చట్టం దాన్ని మోటరు బండిగా లెక్కపెట్టదు. లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ అక్కరలేదు. మన లెక్కలో 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. అంటే ఈ బండికి ఉన్న బలం హెచ్‌పీలో మూడో వంతు. బాయికాడ 5 హెచ్‌పీ మోటరులో పదిహేనో వంతు. సాఫు రోడ్డు మీద ఒక మనిషిని మంచిగనే మోస్తది. 45 కిలోల యూరియా బస్తాలు రెండు పెట్టి గట్టు ఎక్కించమంటే మాత్రం, మనం నడిచే వేగం కంటే కొంచెమే ఎక్కువ మిగులుతది. మన చెల్కల బాటలు, ఎత్తుపల్లాలు తెలిసినోళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ రూలు కిందనే మన తెలంగాణలో ఒక బండి పుట్టింది. 2020 సెప్టెంబరులో హైదరాబాదుకు చెందిన ఆటమొబైల్ కంపెనీ ఆటమ్ 1.0 విడుదల చేసింది. తయారీ పటాన్‌చెరులో. రేటు 50,000 రూపాయలు. లిథియం బ్యాటరీ, బయటికి తీసి ఇంట్ల పెట్టుకోవచ్చు. సుమారు నాలుగు గంటల ఛార్జింగ్, ఒక్క ఛార్జికి 100 కి.మీ. దాకా అని కంపెనీ లెక్క. సీసం బ్యాటరీ కాలంతో పోలిస్తే ఇది పెద్ద అడుగే. ఆఫీసుకో, దుకాణానికో రోజూ పోయొచ్చే ఒంటరి మనిషికి సరిపోయే బండి.

కానీ ఇక్కడ ఒక విచిత్రం చూడండి. 2019 ఏప్రిల్ నుంచి కేంద్రం ఫేమ్-2 అని పది వేల కోట్ల పథకం నడిపింది. అందులో టూవీలరుకు సబ్సిడీ రావాలంటే కనీసం 40 కి.మీ. వేగం, ఒక్క ఛార్జికి కనీసం 80 కి.మీ. దూరం ఉండాలె. 25 కి.మీ. వేగంతో పోయే బండికి పైసా రాదు. 2021 జూన్‌లో ఆ సబ్సిడీని బ్యాటరీ యూనిట్ సామర్థ్యానికి 15,000 రూపాయలకు పెంచిండ్రు. అంటే పెద్ద బ్యాటరీ ఉన్న పెద్ద బండికి ఎక్కువ పైసలు, చిన్నోడు కొనే చిన్న బండికి సున్నా. లక్ష రూపాయల స్కూటర్లు పట్నంలో దూసుకుపోతుంటే, పల్లెకు పనికొచ్చే చౌక బండి వెనకబడ్డదానికి ఇదొక పెద్ద కారణం.

ఆ దూకుడులోనే 2022 వచ్చింది. ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయిండు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన ప్రాణం పోయింది. సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద కరెంటు బండ్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయిండ్రు. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ పరీక్షలు గట్టి చేసింది. ఏఐఎస్-156 అనే ప్రమాణంలో కొత్త నిబంధనలు 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి ఆఖరున ఇంకో విడత అమలుకొచ్చినయ్. అందుకే సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు తయారైన నెల, సంవత్సరం తప్పకుండా చూడండి. బ్యాటరీ పండుకునే అర్రలో పెట్టొద్దు, బయటికి పోయే దారికి అడ్డం పెట్టొద్దు.

2023 జూన్‌లో సబ్సిడీ మళ్లీ తగ్గింది, ఆ తర్వాత విడతలు విడతలుగా ఇంకా తగ్గింది. అయితే ఈసారి 2012 లెక్క అంతా కూలిపోలే. బజాజ్, టీవీఎస్ లాంటి పాత కంపెనీలు రంగంలో ఉండటం ఒక కారణం, లిథియం బ్యాటరీ రేటు తగ్గుతూ రావడం ఇంకొకటి. 2024 ఫిబ్రవరిలో లూనా కూడా కరెంటు బండిగా తిరిగొచ్చింది. రేటు 69,990 నుంచి, వేగం 50 కి.మీ., 150 కిలోల బరువు మోస్తదని కంపెనీ చెప్పింది. అంటే యాభై ఏండ్ల తర్వాత మళ్లీ మన సామాను మోసే బండి ఆలోచన వచ్చింది. దీనికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ కావాలె. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా కరెంటు బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఉంది.

కరెంటు ఖర్చు కూడా లెక్క చేసుకుందాం. 2 యూనిట్ల బ్యాటరీ రోజూ నింపితే నెలకు 60 నుంచి 70 యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్న ఇల్లు, బండి వచ్చినంక 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలె. నెలకు 120 యూనిట్లు కాలే ఇంటికి ఫికరు లేదు. 170 కాలే ఇంటికి మాత్రం బండి కొనకముందే మీటరు చూసుకోవాలె. బాయికాడ ఉచిత కరెంటు నీళ్లు తోడటానికి ఇచ్చింది, బండి ఛార్జింగ్ అక్కడ పెట్టొద్దు.

ఇప్పుడు మొదట చెప్పిన మెకానిక్ కాడికి వద్దాం. ఇంత చరిత్రలో నాకు కనబడ్డది ఒక్కటే: ఏ బండి మన పల్లెలో నిలుస్తదో చెప్పేది రేటు కాదు, మరమ్మతు. లూనా నిలిచింది మన మెకానిక్ విప్పగలిగిండు కాబట్టి. 2008 నాటి కరెంటు బండి నిలవనిది విప్పేటోడు లేక. ఈరోజు కల్వకుర్తిలో మోటరు వైండింగ్ చేసే పిల్లలు, స్టార్టర్లు బాగుచేసే పిల్లలు ఎంతమంది ఉన్నరు! ఆ చేతులకే కంట్రోలర్, బ్యాటరీ పని నేర్పితే ఇది మన బండి అయితది. ఐటీఐలలో ఈ పని గట్టిగ నేర్పాలని, కంపెనీలు విడిభాగాలు బయట అమ్మాలని మనం అడగాలె. సబ్సిడీ అడిగినంత గట్టిగ ఇది అడగాలె.

కొనేటోళ్లు షోరూములో ఈ నాలుగు అడగండి. సర్వీసు కల్వకుర్తిలోనే చేస్తరా, లేక హైదరాబాదు తీసుకపోవాల్నా? వారంటీ అయిపోయినంక బ్యాటరీ ఇప్పటి రేటు ఎంత, కాగితం మీద రాసిస్తరా? "లైసెన్సు వద్దు" అని చెప్తూ 25 దాటి ఉరికే బండి అంటగడుతున్నరా? అట్ల అయితే ప్రమాదం జరిగిన నాడు కేసు మన మెడకే చుట్టుకుంటది, ఇన్సూరెన్సు రాదు. రఘుపతిపేట కాడ దుందుభి పారినట్టు వాగు నీళ్లు వస్తే చక్రంలోని మోటరు ఎంత లోతు తట్టుకుంటది?

శ్రీశైలం రోడ్డు మీద లారీల నడుమ రోజూ పోయేటోళ్లకు 25 కి.మీ. బండి నేను చెప్పను. ఊరు నుంచి మండలానికి, ఇంటి నుంచి చెల్కకు ఒక్క మనిషి పోయొచ్చే పనికైతే, సర్వీసు దగ్గర్లో ఉంటే, తీసుకోవచ్చు.

మీలో కరెంటు బండి నడిపేటోళ్లు ఉంటే కింద రాయండి: ఎన్ని నెలలైంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, మొదట్ల ఛార్జికి ఎంత వచ్చేది, ఇప్పుడెంత వస్తుంది, చెడిపోతే ఎవరు బాగుచేసిండ్రు. అవన్నీ ఒక్క కాడ పెడితే, కొనాలనుకునే మనోళ్లకు షోరూము కాగితం కంటే అదే ఎక్కువ పనికొస్తది.