మతి తప్పిన పెద్దలు – చూచుకొనేవారికి విశ్రాంతి : ఒక చారిత్రక పరిశీలన

ఈ నూరేండ్ల సంచికలో బడుల గురించి, ఆసుపత్రుల గురించి, దేవాలయములు కట్టించిన పెద్దల గురించి వ్రాయగల అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. నేను ఒక చిన్న విషయము గురించి వ్రాయదలచాను. ఇంటిలో మతి తప్పిన ముసలివారిని రేయింబవళ్లు కనిపెట్టుకొని ఉండేవారికి ఒక పూట విశ్రాంతి ఇవ్వాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది, ఎవరి వలన పెరిగింది, మన కర్నూలు, కడప సీమలో దాని అవసరము ఎటువంటిది అన్నదే ఆ విషయము. నేను ముప్పది ఏండ్లు చరిత్ర పాఠము చెప్పిన బడిపంతులను. అయినా ఈ చరిత్ర నాకు పాఠ్యపుస్తకములలో కనపడలేదు. మా ఇంటిలోనే ఎదురయినది.

మాది కోయిలకుంట్ల వైపు పల్లె. 2009లో మా అమ్మ పప్పులో ఉప్పు రెండుసార్లు వేయసాగింది. తరువాత బీరువా తాళాలు జొన్నల డబ్బాలో దాచి, దొంగలు పడ్డారని ఏడ్చింది. మరుసటి ఏటి నుండి సందెపొద్దు కాగానే, తాను కాపురానికి వచ్చిన ఇంటిలోనే కూర్చొని, చీరలు మూటగట్టి "మా ఇంటికి పోదాం పా అబ్బీ, పొద్దుపోయింది" అనేది. మనవారు దీనిని "అరవై దాటితే అరులు మరులు" అని ఒక్క మాటతో సరిపెట్టుకొంటారు. ఇది ముసలితనము కాదనీ, డిమెన్షియా అనే మెదడు జబ్బు అనీ తెలియడానికి మాకు రెండేండ్లు పట్టింది. మొత్తము ఏడేండ్లు ఆమెను చూచినది నా భార్య. నేను బడికి పోయేవాడను. ఈ మాట వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది గాని నిజము అదే. ఆ ఏడేండ్లలో ఆమె సొంత తమ్ముని కూతురు పెండ్లికి కూడ పోలేకపోయింది. 2014లో రిటైరయి ఇంటిపట్టున ఉన్న మొదటి వారములోనే ఆమె చేసే చాకిరి ఎంతటిదో నాకు తెలిసివచ్చింది.

ఈ జబ్బులలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేదానికి ఆల్జీమర్ అనే జర్మను వైద్యుని పేరు పెట్టారు. ఆయన 1901లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో ఆగస్టె అనే 51 ఏండ్ల స్త్రీని పరీక్షించి, ఆమె 1906లో చనిపోయిన తరువాత మెదడును సూక్ష్మదర్శినితో చూచి, అదే ఏడు నవంబరులో వైద్యుల సభలో వివరించాడు. వైద్య గ్రంథములలో ఇది ప్రసిద్ధము. అయితే ఆమెను ఆసుపత్రికి తెచ్చినది ఎవరు? రైల్వేలో గుమాస్తాగా ఉన్న ఆమె భర్త. గుంతకల్లు, నందలూరు వారికి రైల్వే గుమాస్తా జీతమెంతో, డ్యూటీ ఎట్టిదో చెప్పనక్కరలేదు. భార్య వస్తువులు దాచిపెడుతూ, భర్తను అనుమానిస్తూ, రాత్రులు నిద్రపోకుండా ఉంటే ఇంటిలో పెట్టుకోలేక అతడు ఆమెను అక్కడ చేర్చాడు. వైద్యుని పేరు జబ్బుకు నిలిచింది. ఆ గుమాస్తా ఇంటిలో పడిన పాట్లు ఎవరూ వ్రాసిపెట్టలేదు.

చూచుకొనేవారి సంగతి పట్టించుకోవడం దరిదాపు ఏబది ఏండ్ల తరువాత ఇంగ్లాండులో కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డులోని కౌలీ రోడ్డు ఆసుపత్రిలో లయొనెల్ కాజిన్ అనే వైద్యుడు 1950 ప్రాంతములలో ముసలివారిని పగటిపూట ఉంచుకొని సాయంత్రము ఇంటికి పంపే పద్ధతి నడిపాడు. కొందరిని కొన్ని వారములు ఆసుపత్రిలో, కొన్ని వారములు ఇంటిలో వంతుల వారీగా ఉంచేవారు. ఇంటివారికి ఊపిరి తీసుకొనే వ్యవధి ఇవ్వడము కూడ ఇందులోని ఉద్దేశము.

అయితే దీనిని ఒక ఉద్యమముగా చేసినది వైద్యులు కారు, మేరీ వెబ్‌స్టర్ అనే దైవసేవకురాలు. ఆమె కాంగ్రిగేషనల్ సంఘ కాపరి. కడపలో 1822లో పని ఆరంభించిన లండన్ మిషనరీ సొసైటీకి ఆ దేశములో ప్రధానమైన ఆధారము ఈ కాంగ్రిగేషనల్ సంఘములే గనుక మనకు ఆమె పరాయిది కాదు. తల్లిదండ్రులను చూచుకోవడానికి ఆమె 1954లో ఉద్యోగము మానుకొన్నది. తొమ్మిదేండ్లు నలిగిన తరువాత 1963లో పత్రికలకు ఒక ఉత్తరము వ్రాసింది. పెండ్లి కాని కూతుళ్లు జీతమూ సెలవూ లేకుండా ముసలివారికి అంకితమై, చివరకు బీదరికములో మిగిలిపోతున్నారన్నదే అందులోని విషయము. ఆమె వంటివారి నుండి ఉత్తరములు గుట్టలుగా వచ్చాయి. 1965లో సంఘము ఏర్పడింది. 1969లో, ఏబది ఏండ్లయినా నిండకుండానే ఆమె మరణించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ సంఘము మొదట ఒంటరి స్త్రీల కొరకే. పెండ్లయిన ఆడది ఎలాగూ ఇంటిలోనే ఉంటుంది గదా అని లోకము తలచింది. 1976లో బ్రిటిషు ప్రభుత్వము రోగిని చూచుకొనేవారికి భత్యము ఇవ్వసాగింది గాని భర్త దగ్గర ఉండే స్త్రీకి అది రాదన్నది. జాకలిన్ డ్రేక్ అనే గృహిణి, తల్లిని చూచుకోవడానికి ఉద్యోగము మానినది, దీని మీద వ్యాజ్యము వేయగా 1986లో యూరోపు న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పింది. మన కోడళ్ల సంగతి ఏ కోర్టుకూ ఎక్కలేదు. ఇదే కాలములో, 1974లో, రగ్బీ పట్టణములో మరొక పద్ధతి మొదలయినది. శిక్షణ పొందిన మనిషి ఇంటికే వచ్చి కొన్ని గంటలు రోగి దగ్గర ఉంటుంది, ఇంటివారు బయటికి పోయి వస్తారు. క్రాస్‌రోడ్స్ అనే టెలివిజను నాటకము పేరే దానికి పెట్టారు.

మన దేశములో 1992లో కేరళలోని కున్నంకుళములో ఆల్జీమర్స్ సొసైటీ పుట్టింది. తరువాత అక్కడి ప్రభుత్వము కూడ దానితో చేయి కలిపింది. గోవాలో జరిగిన పని మనకు ఇంకా దగ్గరిది. అక్కడ ఇంటరు చదివిన స్థానిక స్త్రీలకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, ఆరు నెలలపాటు ఇండ్లకు పంపారు. 81 కుటుంబములను పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితము ప్రకారము చూచుకొనేవారి మనోవేదన తగ్గింది. పెద్ద భవనము లేకుండా జరిగిన పని అది. మన తెలుగు నేలపై హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వస్తున్నదని 2013లో ప్రకటించారు. చదువురాని వారిలోను ఈ తేడా కనిపించింది. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడే ఆదోని, ఆలూరు ప్రజలకు ఇది సంతోషవార్తయే! అయినా జబ్బు ఆలస్యమవుతుందే గాని రాకుండా పోదు. దేశములో అరువది దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మందికి ఇది ఉన్నదని 2023లో వచ్చిన అంచనా.

ఇక మన సీమ. 1876–78 నాటి ధాత కరువు కాలము నుండి ఈ నేలకు వలస తెలుసు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయము వైపు పల్లెలలో మిరప కోతల కాలము రాగానే జనము గుంటూరుకు "సుగ్గికి" పోతారు. తలుపులకు తాళాలు పడతాయి, అరుగుల మీద ముసలివారు మిగులుతారు. రాజంపేట, రాయచోటి వైపు వేరొక వలస. అక్కడి స్త్రీలు కువైటుకు పోయి పరాయి ఇండ్లలో పిల్లలను, పెద్దలను చూచుకొంటారు. ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు లేస్తుంది. ఆ ఇంటిలోని అవ్వను ఎవరు చూచుకొంటారు? పన్నెండేండ్ల మనవరాలు. జీతానికి సేవ చేసే చేతులను సముద్రము దాటించిన సీమలో సొంత అవ్వకు చేతులు కరువయినాయి.

సుగ్గికి పోయేవారి పిల్లలు బడి మానకూడదని కర్నూలు జిల్లాలో ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు నడిపింది. మంచి ఆలోచన. నాలుగు నెలలు పిల్లలను ఉంచుకోగలిగినప్పుడు, అదే బడిలో ఒక గది తీసి పదిమంది ముసలివారిని పగటిపూట ఉంచుకోవడము అసాధ్యమా? 2024 జూలై నుండి మన రాష్ట్రములో వృద్ధుల పింఛను 4,000, పూర్తిగా మంచము పట్టినవారికి 15,000 రూపాయలు అయినది. సంతోషమే. అయితే మా అమ్మ వంటివారు చాలా కాలము మంచము పట్టరు. తిరుగుతూనే ఉంటారు, అదే కష్టము. నా భార్యకు ఆనాడు కావలసినది మూడు గంటలు. మూడు గంటలు ఏ పింఛనులోనూ రాలేదు.

క్షయరోగము కూడ ఒకప్పుడు ఇంటిలో దాచుకొన్న జబ్బే. ఒక్కొక్క మిషను వలన కాని పనిని పలు మిషనులు కలిసి చేపట్టినందువలన 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము లేచింది. ఇప్పుడు అంత పెద్ద కట్టడము కూడ అక్కరలేదు.

మా ఇంటికి విశ్రాంతి ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాను. పక్కింటి దూదేకుల వదిన ఒకనాడు తానుగా వచ్చి "నువ్వు యాడికన్నా పోయి రాపో, నేను కూసుంటా" అన్నది. విత్తనపు శెనక్కాయలు గంపెడు తెచ్చి మా అమ్మ ముందు పోసింది. కొడుకు పేరు మరచిన మనిషి, నన్ను ఎవరో తాసీల్దారు అనుకొనే మనిషి, శెనక్కాయ ఒలవడము మరచిపోలేదు. ఇద్దరూ పైరుల మాటలు చెప్పుకొంటూ గంప ఖాళీ చేశారు. మూట కట్టుకోవడము ఆ సాయంత్రము జ్ఞాపకము రాలేదు.

నా భార్య మూడు గంటలకు తిరిగి వచ్చింది. బజారుకు పోయావా, ప్రార్థన కూటమికి పోయావా అని అడిగాను. ఎక్కడికీ పోలేదట. రెండు వీధుల అవతల తన అక్కగారి ఇంటిలో తలుపు వేసుకొని నిద్రపోయిందట.