విమానం టైరే కదా అని తీసిపారేయకండి.. చిన్న విమానానికి టైరు, ట్యూబ్ ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి ఇవే!

1991 జులై 11. సౌదీ అరేబియాలోని జెద్దా ఎయిర్‌పోర్ట్. హజ్ యాత్రికులతో నైజీరియాకు బయల్దేరిన డీసీ-8 విమానం టేకాఫ్ అయిన కొద్ది నిమిషాలకే మంటల్లో కూలిపోయింది. విమానంలో ఉన్న 261 మందీ చనిపోయారు. దర్యాప్తులో తేలిన కారణం.. టైర్లలో గాలి తక్కువగా ఉండటం. గాలి తక్కువ ఉన్న టైరు బరువు మోయలేకపోయింది, ఆ భారం పక్క టైరు మీద పడింది. రన్‌వే మీద పరుగులోనే టైర్లు వేడెక్కి పేలాయి. చక్రాలు లోపలికి ముడుచుకున్నాక మంట కూడా విమానం కడుపులోకి చేరింది.

అది పెద్ద జెట్. మరి ఇద్దరో నలుగురో కూర్చునే సొంత విమానం సంగతేంటి? సూత్రం మాత్రం ఒక్కటే. సైజు తప్పినా, గాలి తగ్గినా, ట్యూబ్ మడత పడినా ఆ లెక్క తేలేది ల్యాండింగ్‌లోనే. అందుకే టైరు, ట్యూబ్ కొనేముందు ఏమేం చూడాలో తెలిసి ఉండాలి.

టైరు మీద అంకెలకు అర్థమేంటి?

ప్రపంచంలో అత్యధికంగా తయారైన విమానం సెస్నా 172. ఇప్పటివరకు 44 వేలకు పైగా తయారయ్యాయి. ఫ్లయింగ్ స్కూళ్లలో ఎక్కువగా కనిపించేది కూడా ఇదే. దీని వెనుక రెండు చక్రాలకు 6.00-6, ముక్కు చక్రానికి 5.00-5 సైజు టైర్లు వాడతారు.

ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము సైజు. రెండూ అంగుళాల్లోనే. కొన్ని టైర్ల మీద మూడు అంకెలు ఉంటాయి. అప్పుడు మొదటిది టైరు బయటి వ్యాసం, తర్వాతవి వెడల్పు, రిమ్ము సైజు.

ప్లై రేటింగ్.. ఇక్కడే చాలామంది పొరబడతారు

సైజు కలిసింది కదా అని టైరు కొనేస్తే సరిపోదు. ప్లై రేటింగ్ కూడా కలవాలి. 6 ప్లై అంటే లోపల కచ్చితంగా ఆరు పొరలు ఉన్నాయని కాదు. ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే కొలత అది.

ఉదాహరణకు 6.00-6 సైజులోనే 4 ప్లై టైరు 1,150 పౌండ్లు, అంటే సుమారు 520 కిలోలు మోస్తుంది. 6 ప్లై టైరైతే 1,750 పౌండ్లు, దాదాపు 795 కిలోలు మోస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. గాలి లెక్క కూడా మారిపోతుంది. మొదటిదానికి 29 పీఎస్ఐ, రెండోదానికి 42 పీఎస్ఐ.

అలాగని ఎక్కువ ప్లై అయితే ఇంకా మంచిదే కదా అని సొంతంగా మార్చేయకూడదు. టైరు గట్టిపడుతుంది, బరువు పెరుగుతుంది. విమానం మాన్యువల్‌లో, టైప్ సర్టిఫికెట్ పత్రాల్లో ఏ సైజు, ఏ ప్లై అని ఉందో అదే వాడాలి.

టైరు పక్క గోడ మీద స్పీడ్ రేటింగ్ కూడా ఉంటుంది. చిన్న విమానాల టైర్లకు గంటకు 120 మైళ్లు, 160 మైళ్లు అనేవి సాధారణం. వాటితోపాటు టీఎస్ఓ-సీ62 అనే ముద్ర ఉందో లేదో చూడాలి. విమానం టైర్లకు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పెట్టిన ప్రమాణం అది.

కారు టైరు వేస్తే కాదా?

కాదు. విమానం టైరు బరువు పడ్డప్పుడు నలిగేలా తయారవుతుంది. కారు టైరుతో పోలిస్తే రెట్టింపుకు మించి నలుగుతుంది. నిలబడి ఉన్న స్థితి నుంచి ఒక్కసారిగా రన్‌వే వేగాన్ని అందుకోవాలి. కానీ పరుగు కొద్దిసేపే. కారు టైరు గంటల తరబడి తిరగడానికి తయారైంది. రెండింటి పనీ వేరు, తయారీ వేరు.

కొత్తదా.. రీట్రెడ్డా?

విమానాల్లో రీట్రెడ్ టైర్లు మామూలే. పెద్ద ఎయిర్‌లైన్స్ కూడా వాడతాయి. అనుమతి ఉన్న సంస్థ చేసిన రీట్రెడ్ అయితే భయపడాల్సిన పని లేదు. కాకపోతే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. రీట్రెడ్ టైరు కొలత కొత్తదానికంటే కాస్త పెద్దగా ఉండొచ్చు. చక్రాల మీద తొడుగులు ఉన్న విమానాల్లో, చక్రాలు లోపలికి ముడుచుకునే విమానాల్లో టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూసుకోవాలి.

ట్యూబ్ ఏది మంచిది?

ట్యూబుల్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి సహజ రబ్బరు, రెండోది బ్యూటైల్ రబ్బరు. సహజ రబ్బరు మెత్తగా సాగుతుంది. కానీ దాని గోడల్లోంచి గాలి మెల్లగా జారిపోతూనే ఉంటుంది. బ్యూటైల్ ట్యూబ్‌లో గాలి చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. నెలకు రెండు మూడు సార్లే ఎగిరే సొంత విమానానికి ఈ తేడా చిన్నదేం కాదు.

ట్యూబ్ సైజు టైరు సైజుతో సరిగ్గా కలవాలి. వాల్వ్ నిటారుగా ఉండాలా, వంగి ఉండాలా అన్నది రిమ్మును బట్టి ఉంటుంది. ఇది చూసుకోకుండా కొంటే గాలి కొట్టడానికే చోటు దొరకదు.

టైరు మారుస్తున్నాం, ట్యూబ్ బాగానే ఉంది కదా, పాతదే వేసేద్దామా? వద్దు. వాడిన ట్యూబ్ సాగిపోయి ఉంటుంది. కొత్త టైరులో పెడితే మడత పడుతుంది. ఆ మడత దగ్గరే రాసుకుని చిల్లు పడుతుంది. అందుకే కొత్త టైరుకు కొత్త ట్యూబ్ అన్నదే టైర్ల కంపెనీల మాట.

ఎక్కించేటప్పుడు..

చిన్న విమానం రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో బోల్టులు బిగిస్తారు. పాత టైరులో గాలి మొత్తం తీసి, వాల్వ్ పిన్ కూడా ఊడదీశాకే బోల్టుల జోలికి వెళ్లాలి. గాలి ఉండగా బోల్టులు విప్పితే రిమ్ము ముక్కలు ఎగిరి పడతాయి. ప్రాణమే పోవచ్చు.

టైరు మీద ఎర్ర చుక్క కనిపిస్తే అక్కడ టైరు తేలిక అని అర్థం. ట్యూబ్ మీద పసుపు గీత ఉంటే అక్కడ ట్యూబ్ బరువు. రెండూ ఒకే చోటికి వచ్చేలా పెడితే చక్రం బ్యాలెన్స్ కుదురుతుంది. పసుపు గీత లేకపోతే వాల్వ్‌ను ఎర్ర చుక్క దగ్గర పెట్టాలి. ట్యూబ్‌కు కాస్త టాల్క్ పౌడర్ పూస్తే లోపల అతుక్కోకుండా సర్దుకుంటుంది. ముందు గాలి కొట్టి, మొత్తం తీసేసి, మళ్లీ కొట్టాలి. అప్పుడే మడతలు విప్పుకుంటాయి.

గాలి లెక్క తప్పితే అంతే సంగతులు

కొత్త టైరులోని నైలాన్ మొదటి రోజు సాగుతుంది. దాంతో గాలి 5 నుంచి 10 శాతం వరకు తగ్గొచ్చు. కనీసం 12 గంటలు ఆగి మళ్లీ చూసుకోవాల్సిందే.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఉష్ణోగ్రత 3 డిగ్రీలు మారితే గాలి ఒత్తిడి సుమారు 1 శాతం మారుతుంది. తెల్లవారుజామున 15 డిగ్రీలు, మధ్యాహ్నం 35 డిగ్రీలు ఉంటే 42 పీఎస్ఐ టైరులో దాదాపు 3 పీఎస్ఐ తేడా వచ్చేస్తుంది. అందుకే ల్యాండ్ అయిన వెంటనే, వేడి టైరులోంచి గాలి తీసేయకూడదు.

సెస్నా 172లోనే ఎస్ మోడల్‌కు వెనుక టైర్లలో 42, ముక్కు టైరులో 45 పీఎస్ఐ ఉండాలి. పాత మోడళ్లకు ఈ అంకెలు వేరు. పక్క విమానంలో ఎంత కొట్టారో చూసి కొడితే కుదరదు.

గాలి తక్కువైతే ఇంకో ముప్పు కూడా ఉంది. బ్రేక్ వేసినప్పుడు టైరు రిమ్ము మీద జారుతుంది. దాంతోపాటు ట్యూబ్ కూడా లాగబడి వాల్వ్ మొదలు తెగిపోతుంది. దీన్ని ముందే పసిగట్టడానికి టైరు, రిమ్ము రెండింటి మీదుగా ఒక రంగు గీత గీస్తారు. గీత విడిపోయి కనిపిస్తే టైరు జారినట్టే.

ఎప్పుడు మార్చాలి?

టైరు మీద గాడి ఏ ఒక్కచోట అడుగు దాకా అరిగినా మార్చేయాలి. లోపలి దారాలు కనిపించినా, పక్క గోడ ఉబ్బినా ఇక ఎగరకూడదు. పైపైన సన్నటి పగుళ్లు మాత్రమే ఉండి, దారాలు బయటపడకపోతే కంగారు అక్కర్లేదు. ఆయిల్, పెట్రోల్ పడితే వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి. స్పేర్ టైర్లను చల్లగా, చీకటిగా ఉండే చోట నిలబెట్టి పెట్టాలి. మోటార్లు, వెల్డింగ్ దగ్గర పెడితే అక్కడ పుట్టే ఓజోన్ రబ్బరును తినేస్తుంది.

ఎవరు మార్చొచ్చు?

అమెరికాలో పైలట్ లైసెన్స్ ఉన్న యజమాని తన సొంత విమానం టైరు తానే మార్చుకోవచ్చు. కమర్షియల్‌గా ప్రయాణికులను తిప్పే విమానాలకు ఇది వర్తించదు. చేసిన పని లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. మన దేశంలో విమానాల మెయింటెనెన్స్ మొత్తం డీజీసీఏ నిబంధనల కిందకు వస్తుంది. అందుకే టైరు కొనేముందే, ఆ పని చూసే లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌తో మాన్యువల్ పెట్టుకుని ఒకసారి మాట్లాడటం మంచిది. టైరుతో పాటు వచ్చిన సర్టిఫికెట్ పారేయకుండా రికార్డుల్లో పెట్టుకోవాలి.