జీపు: పుట్టుక, నడక

మోటారు బండికి మంచి రోడ్డు కావాలి. రోడ్డు తెగిపోయిన చోట, వాగు పారుతున్న చోట, నల్లరేగడి పొలంలో వాన కురిసిన మర్నాడు ఎంత ఖరీదైన కారయినా నిలిచిపోతుంది. వెనుక చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతూ తన గుంట తానే తవ్వుకుంటుంది. అప్పుడు దానిని బయటికి లాగడానికి ఎడ్లజతే దిక్కు. ఇటువంటి తావులలో ఎడ్ల సాయం కోరకుండా తనంత తాను నడిచే చిన్న బండి ఒకటి 1940లో అమెరికాలో తయారయింది. అదే జీపు.

జీపులో సుఖం తక్కువ. కమాను కట్టలు బిరుసుగా ఉంటాయి కనుక ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. తొలినాటి జీపుకు తలుపులు లేవు. పైన కాన్వాసు గుడ్డ మాత్రమే కప్పు. ఎండా, దుమ్మూ, వానజల్లూ లోపలికి ధారాళంగా వస్తాయి. అయినా దానిని ఒకసారి సొంతం చేసుకున్నవారు సులభంగా వదులుకోరు. ఎనభై ఏళ్ళు దాటిన జీపులను నేటికీ విప్పి, తుడిచి, బిగించి నడుపుకునేవారు అనేక దేశాలలో ఉన్నారు. ఇంత మొరటు బండిమీద అంత మమకారం ఎందుకు? దీనికి జవాబు ఆ బండి పుట్టిన తీరులోనే ఉన్నది.

తొందరలో పుట్టిన బండి

1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. యుద్ధం తమవరకూ రావచ్చునని అమెరికా సైన్యం గ్రహించింది. ముందుగా పోయి శత్రువుల జాడ తెలుసుకు వచ్చే పనికి అంతవరకు గుర్రాలనూ, పక్కతొట్టి మోటారు సైకిళ్ళనూ వాడేవారు. వాటి స్థానంలో తేలికైన మోటారు బండి ఒకటి కావలసి వచ్చింది.

జులై నెలలో సైన్యం 135 కంపెనీలకు తన షరతులు పంపింది. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందాలి. బండి బరువు 1,300 పౌన్లు, అంటే సుమారు 590 కిలోగ్రాములు మించరాదు. మొదటి నమూనా 49 రోజులలోనూ, మొత్తం 70 బండ్లు 75 రోజులలోనూ అప్పగించాలి. జవాబుకు ఇచ్చిన గడువు 11 రోజులు మాత్రమే. ఇంత బిగువైన షరతులు చూచి పెద్ద కంపెనీలు వెనుకాడాయి. ముందుకు వచ్చినవి రెండే: అమెరికన్ బాంటమ్, విల్లీస్ ఓవర్లాండ్.

బాంటమ్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ అనే ఊళ్ళో చిన్నకార్లు చేసే కంపెనీ. అప్పటికి దాని వ్యాపారం దాదాపు మూతపడే స్థితిలో ఉన్నది. డెట్రాయిట్‌లో స్వతంత్రంగా పనిచేస్తున్న కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరును కంపెనీవారు పిలిపించారు. ఆయన జులై 17న పని ప్రారంభించి రెండు రోజులలో బండి పటాలు గీశాడు. జులై 22న కంపెనీ తన ధరను సైన్యం ముందుంచింది. 49 రోజుల గడువుకు ఒప్పుకున్నది బాంటమ్ ఒక్కటే. పని దానికే దక్కింది.

ఇందులో కఠినమైన సమస్య ఇంజను కాదు, ముందు ఇరుసు. మామూలు కారులో ముందు చక్రాలు దారి మళ్ళడానికి మాత్రమే ఉపయోగపడతాయి. బండిని తోసేవి వెనుక చక్రాలు. జీపులో ముందు చక్రం పక్కకు తిరుగుతూనే ఇంజను బలాన్ని కూడా అందుకోవాలి. మామూలు కీలు జాయింటుతో ఈ పని చక్కగా జరగదు. అది వంగి ఉన్నప్పుడు ఒక వైపు కడ్డీ సమవేగంతో తిరిగినా, రెండో వైపు కడ్డీ ప్రతి చుట్టులోనూ రెండుసార్లు త్వరపడి, రెండుసార్లు మందగిస్తుంది. చక్రం అదురుతుంది. కాబట్టి ఎంత వంగినా రెండు వైపులా ఒకే వేగం ఉండే సమవేగ జాయింటు కావాలి. ఇరుసుల తయారీలో పేరుపొందిన స్పైసర్ కంపెనీ ఈ ముందు ఇరుసును సమకూర్చింది.

1940 సెప్టెంబరు 23 సాయంకాలం 5 గంటలకు గడువు తీరుతుంది. బాంటమ్‌వారు బండిని బట్లర్ నుంచి రోడ్డుమీదనే నడుపుకుంటూ మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేర్చారు. అప్పటికి గడువులో అరగంట మిగిలి ఉన్నది.

కన్నవారు ఒకరు, పెంచినవారు ఒకరు

బండి పరీక్షలలో నెగ్గింది. కాని బాంటమ్ కష్టం అక్కడితో తీరలేదు. సైన్యానికి వేలకొద్దీ బండ్లు కావాలి. బాంటమ్ కర్మాగారం చిన్నది. పరీక్షలు జరుగుతుండగా విల్లీస్, ఫోర్డు కంపెనీల ప్రతినిధులు ఆ బండిని చూడడానికి సైన్యం అనుమతించింది. పటాలను కూడా చూపింది. నవంబరులో ఆ రెండు కంపెనీలూ తమ నమూనాలు తెచ్చాయి. తరువాత మూడు కంపెనీలకూ తలా 1,500 బండ్ల పని ఇచ్చారు.

590 కిలోల షరతు ఎవరివల్లా కాలేదు. చివరకు సైన్యం ఆ హద్దును 2,160 పౌన్లకు, అంటే సుమారు 980 కిలోలకు పెంచింది. విల్లీస్ బండి ఇంజను 60 అశ్వశక్తి గలది. మిగిలిన రెంటికన్నా బలమైనది, బరువైనది కూడాను. దానిని వదులుకోవడం ఇష్టంలేక ఆ కంపెనీ ఇంజనీరు బార్నీ రూస్ బండిలోని ప్రతి భాగాన్నీ తూచి, అనవసరమైన లోహాన్ని తొలగించాడు. పొడవు ఎక్కువైన బోల్టులను సైతం కత్తిరించారు. 1941 జులైలో 16,000 బండ్ల పని విల్లీస్‌కు దక్కింది. కొద్ది నెలలకు, విల్లీస్ పటాల ప్రకారమే బండ్లు చేయడానికి ఫోర్డు కూడా ఒప్పుకున్నది. యుద్ధం ముగిసేనాటికి ఈ రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. బాంటమ్ చేసినవి మూడు వేల లోపే. ఆ తరువాత అది జీపుల వెనుక తగిలించే తొట్టిబండ్లతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

జీపును సృష్టించింది తామేనని విల్లీస్ ప్రకటనలు వేసుకున్నది. దీనిపై అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం 1943లో అభియోగం తెచ్చింది. జీపు భావన బాంటమ్ కంపెనీదీ, దానితో కలిసి పనిచేసిన సైనికాధికారులదీ అని 1948లో తేల్చింది. న్యాయం జరిగింది గాని, అప్పటికి జీపు మార్కెట్టు విల్లీస్ చేతిలో ఉన్నది. ఒక యంత్రాన్ని మొదట ఊహించడం వేరు, లక్షలకొద్దీ తయారుచేయడం వేరు. చరిత్రలో రెండోదానికే పేరు తేలికగా వస్తుంది.

మూడు కడ్డీలు

జీపు డ్రైవరు పక్కన మూడు కడ్డీలు నిలబడి ఉంటాయి. మొదటిది మామూలు గేరు కడ్డీ. రెండోది ముందు ఇరుసుకు బలం అందించడానికో, ఆపడానికో ఉన్నది. మూడోది బండి అంతటికీ ఎక్కువ వేగం, తక్కువ వేగం అనే రెండు వరుసలలో ఒకదానిని ఎంచుకోవడానికి.

విద్యార్థులు చిన్న లెక్క వేసి చూడవచ్చును. సైనిక జీపు మొదటి గేరు నిష్పత్తి 2.665. తక్కువ వేగం వరుస నిష్పత్తి 1.97. ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి 4.88. మూడింటినీ గుణిస్తే సుమారు 25.6 వస్తుంది. అంటే ఇంజను 25 చుట్లకు పైగా తిరిగితే గాని చక్రం ఒక చుట్టు తిరగదు. ఘర్షణలో పోయేది పోగా, చక్రాన్ని తిప్పే బలం ఇంచుమించు అన్ని రెట్లూ పెరుగుతుంది. ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతున్నప్పుడు జీపు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, మనిషి నడకతో సమానంగా పోతుంది. గునపంతో బండరాయిని లేపేవాడు పిడిని ఎక్కువ దూరం నొక్కి రాయిని కొద్దిగా కదిలించినట్లే, జీపు వేగాన్ని ఇచ్చి బలాన్ని కొనుక్కుంటుంది.

ఈ ఏర్పాటుకూ హద్దులున్నాయి. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిస్తుంది. కాని ఒక చక్రం గాలిలో ఉంటే అది ఊరికే తిరుగుతుంది. నేలమీదనున్న రెండో చక్రానికి బలం అందదు. ముందు ఒకటి, వెనుక ఒకటి ఇలా పట్టు తప్పితే జీపు కూడా ఆగిపోతుంది. ఇంకొకటి: మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో టైరు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. గట్టి తారురోడ్డుమీద జారడానికి వీలులేక టైర్లు అరుగుతాయి, పళ్ళచక్రాలు బిగుసుకుంటాయి. కనుక మంచి రోడ్డు ఎక్కగానే రెండో కడ్డీతో ముందు ఇరుసుకు బలం ఆపాలి.

వింతలు, విసుగులు

జీపులో పెట్రోలు టాంకి డ్రైవరు సీటు కింద ఉన్నది. పెట్రోలు పోయించాలంటే డ్రైవరు లేచి నిలబడి సీటు ఎత్తవలసిందే. వానలో ముందు అద్దాన్ని తుడిచే వైపరును చేతితో ఆడించాలి. అడ్డు అనిపిస్తే ఆ అద్దాన్ని ముందుకు పడుకోబెట్టవచ్చును. ముందు దీపాలు కీలుమీద వెనక్కు తిరుగుతాయి. చీకటిలో ఇంజను చెడిపోతే బండి తన దీపంతో తన ఇంజనునే చూపుతుంది. చిన్నదీ ఎత్తయినదీ కావడంవల్ల మలుపులో తొందరపడితే జీపు బోల్తా పడుతుంది. వేగంగా నడపాలని ముచ్చటపడి ప్రాణంమీదికి తెచ్చుకున్నవారూ ఉన్నారు.

ఈ వింతలన్నిటికీ మూలం ఒకటే. బరువు తగ్గాలి, త్వరగా తయారు కావాలి, యుద్ధభూమిలో సామాన్య సైనికుడు బాగుచేసుకోగలగాలి. అందుచేత అలంకారం ఏదీ మిగలలేదు. మూత ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. యజమానికి విసుగు పుట్టించేదీ ఈ గుణమే, ఆనందం కలిగించేదీ ఈ గుణమే. నాలుగు పానాలతో తన బండిని తానే విప్పి, లోపం కనిపెట్టి, మళ్ళీ నడిపించినవాడికి దానిమీద కలిగే చనువు వేరు. విల్లీస్ జీపు భాగం ఫోర్డు జీపుకు సరిపోవాలని సైన్యం ఆనాడే నియమం పెట్టింది. ఫోర్డువారు తమ భాగాలమీద, చివరకు బోల్టుల తలలమీద కూడా తమ పేరులోని మొదటి అక్షరం ముద్రించేవారు. నేడు పాత జీపులను పునరుద్ధరించేవారు ఆ అక్షరం ఉన్న బోల్టుకోసం పాత ఇనుము కుప్పలు వెతుకుతారు.

పొలానికి వచ్చిన సైనికుడు

యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ పౌరులకోసం జీపు చేసింది. దాని ఇంజను బలంతో రంపమో, నీటి పంపో తిప్పుకొనే వీలు కల్పించి రైతులకు అమ్మింది. ఇంగ్లండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్సులోని తన పొలంలో పాత సైనిక జీపు ఒకటి వాడేవాడు. దాని స్థానంలో సొంతంగా ఒక బండి చేయాలన్న ఆలోచన నుంచి లాండ్ రోవర్ పుట్టి, 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో కనిపించింది. ఉక్కు కరువుగా ఉన్నందున దాని పైభాగాలు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. ఆ వంశపు బండ్ల తయారీ 2016 జనవరిదాకా సాగింది.

మన దేశంలో 1947లో బొంబాయిలోని మజగావ్‌లో విల్లీస్ జీపు భాగాలను బిగించడం మొదలయింది. ఆ పని చేసిన కంపెనీని 1945లో మహీంద్రా సోదరులు, గులాం మహమ్మద్‌తో కలిసి స్థాపించారు. దేశ విభజన తరువాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయినాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1952లో సమాజ వికాస పథకాలు ప్రారంభమయినాక బ్లాకు అధికారి జీపు పల్లెలకు సుపరిచితమయింది. కొన్నిచోట్ల ఊరిలోకి వచ్చిన మొదటి మోటారు అదే. తరువాత డీజిలు ఇంజను అమర్చిన జీపులు, బస్సు పోని తెలుగు పల్లెలలో కిక్కిరిసిన మనుషులను సంతకు, ఆసుపత్రికి చేరవేశాయి.

నేటి బండ్లలో పట్టు తప్పిన చక్రాన్ని ఎలక్ట్రానిక్ పరికరమే గుర్తించి సరిచేస్తుంది. ప్రాణరక్షణకు అది గొప్ప మేలు. కాని బండి ఏమి చేస్తున్నదో నడిపేవాడికి తెలియవలసిన అవసరం ఆ మేరకు తగ్గింది. పాత జీపులో అలా కుదరదు. బురద కనబడగానే ఏ కడ్డీ ఎందుకు లాగాలో యజమానికి తెలిసి ఉండాలి. తెలిసి లాగినప్పుడు ఎడ్లజతకోసం ఎదురుచూడకుండా బండి గట్టెక్కుతుంది. ఆ బండిని ఎనభై ఏళ్ళుగా బ్రతికించుకుంటూ వస్తున్నది ఈ తెలివిడి ఇచ్చే సంతోషమే.