మూగబోయిన పెట్టెలు

2003 సెప్టెంబరు 1న కేబుల్ టీవీకి తాళం పడింది. నాలుగు మహానగరాల్లోనూ ఒకేసారి పడాల్సిన తాళం అది. ఎన్నికలు దగ్గరపడిన ఢిల్లీ వెనక్కి తగ్గింది, ముంబై, కోల్‌కతాల్లో పని ముందుకు సాగలేదు. చివరికి మిగిలింది చెన్నై ఒక్కటే. దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు 1856లో బయలుదేరింది ఆ నగరంలోని రాయపురం స్టేషన్ నుంచే. నూట నలభై ఏడేళ్ల తరవాత, ఆ రాయపురం మేడల మీదుగా పాకిన నల్లటి కేబుల్ వైర్లలోకి దేశం ఇంకెక్కడా చూడని కొత్త ఏర్పాటొకటి వచ్చింది. కండిషనల్ యాక్సెస్ సిస్టమ్. జనం నోట్లో 'కాస్'.

ఆ ఏర్పాటు వెనక ఉన్న ఆశ చిన్నది కాదు. అప్పటిదాకా పే ఛానెళ్ల వాళ్లు తోచినప్పుడల్లా రేటు పెంచేవాళ్లు. తన కింద ఎన్ని ఇళ్లున్నాయో ఆపరేటర్ తక్కువ చేసి చెప్పేవాడు. రెంటికీ మధ్య నలిగిన ఇల్లాలు, తను ఏనాడూ చూడని ఛానెళ్లకి కూడా నెలనెలా డబ్బు కట్టేది. సుష్మా స్వరాజ్ సమాచార ప్రసార మంత్రిగా ఉండగా కదిలి, 2002 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొందిన సవరణ చట్టం ఈ ముగ్గురి లెక్కనీ ఒక్క సెట్‌టాప్ పెట్టెతో తేలుస్తానంది. ముప్పై ఉచిత ఛానెళ్లు డెబ్బై రెండు రూపాయలకి, పన్నులు అదనం. ఆపైన ఏ పే ఛానెల్ కావాలంటే దానికే డబ్బు. ఇంత న్యాయమైన మాట కేబుల్ వ్యాపారంలో అంతకుముందు ఎవరూ అనలేదు.

ఆ పెట్టెలోని విద్య కూడా అందమైనదే. ప్రసార కేంద్రంలో బొమ్మని చిందరవందర చేసి వైరులోకి వదులుతారు. దాన్ని తిరిగి కూర్చే రహస్య సంఖ్య కొన్ని సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. ఆ సంఖ్య కూడా మారువేషంలోనే బొమ్మ వెంట ప్రయాణిస్తుంది. డబ్బు కట్టిన ఇంటి పెట్టెకి, అందులోని కార్డుకి మాత్రం దాన్ని విప్పుకునే అనుమతి అందుతుంది. పక్కింటి పెట్టెలోకీ అదే వైరు, అదే బొమ్మ. అనుమతి లేకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. దొంగ దారి మూసేయడానికి గణితజ్ఞులు ఏళ్ల తరబడి పడిన శ్రమ అది.

అయితే రాయపురంలో ఆ పెట్టె కొనేదెవరు? కాసిమేడు రేవులో తెల్లవారుజామున చేపల వేలం పాటకి వెళ్లే కుటుంబాలకీ, ఎం.సి. రోడ్డు బట్టల కొట్లలో పనిచేసే వాళ్లకీ కొన్ని వేల రూపాయలంటే పిల్లల బడి ఫీజు. "బాక్సు పెట్టుకుంటారా అక్కా?" అని ఆపరేటర్ అడిగితే, "ఇప్పుడొద్దులే తమ్ముడూ" అన్న జవాబే ఎక్కువగా వచ్చేది. ఎక్కువ ఇళ్లు ఉచిత ఛానెళ్లతోనే సరిపెట్టుకున్నాయి. పే ఛానెళ్లు ఊళ్లోంచి మెల్లగా మాయమయ్యాయి. 2004 మార్చిలో భారత క్రికెట్ జట్టు పాకిస్తాన్ వెళ్లింది. ప్రసార హక్కులు టెన్ స్పోర్ట్స్ అనే పే ఛానెల్‌వి. సుప్రీంకోర్టు జోక్యంతో ఆ మ్యాచ్‌లు దూరదర్శన్‌లోనూ వచ్చాయి కాబట్టి పెట్టె లేని చెన్నై ఇళ్లు కూడా ఆ సిరీస్ చూడగలిగాయి. అప్పటికే, ఫిబ్రవరి నెలాఖరుకి, కేంద్రం కాస్‌ని పక్కన పెట్టేసింది. చెన్నై మాత్రం అందులోనే ఉండిపోయింది. మిగతా మూడు నగరాల్లో కొన్ని ప్రాంతాలకి అది చేరేసరికి 2006 డిసెంబరు 31 వచ్చింది, అదీ ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తేనే.

తాళాన్ని నమ్ముకుని చెడ్డది మనమొక్కరమే కాదు. బ్రిటన్‌లో 1998 నవంబరులో మొదలై, తరవాత ఐటీవీ డిజిటల్‌గా పేరు మార్చుకున్న సంస్థ దొంగ కార్డుల వరదలో నష్టపోయింది. ఫుట్‌బాల్ హక్కులకి పెట్టిన ఖర్చూ మోయలేక 2002లో మూతపడింది. ఆ కార్డుల సాంకేతికత ఫ్రాన్స్‌కి చెందిన కనాల్ ప్లస్‌ది. దాని రహస్యాన్ని ఛేదించి బయటపెట్టింది తన పోటీదారు ఎన్‌డీఎస్సేనని కనాల్ ప్లస్ అమెరికాలో దావా వేసింది. ఎన్‌డీఎస్ కాదంది. తీర్పు రాకుండానే, రెండు పెద్ద కంపెనీల మధ్య కుదిరిన వ్యాపార ఒప్పందంలో ఆ దావా కలిసిపోయింది. నిజం ఏదైనా, ఉద్యోగాలు పోయిన వాళ్లకి దానివల్ల ఒరిగిందేమీ లేదు. మన టాటా స్కై పెట్టెల్లో తాళం బిగించిందీ ఎన్‌డీఎస్సే. దాన్ని 2012లో సిస్కో ఐదు వందల కోట్ల డాలర్లకి కొని, 2018లో వదిలించుకుంది.

తమిళనాడు కథలో రెండో అంకం ప్రభుత్వానిది. కేబుల్ మీద ఒక్క కుటుంబానికి ఉన్న పట్టు పోవాలని 2007లో అరసు కేబుల్ కార్పొరేషన్ పుట్టింది. ఆ కుటుంబానికీ పాలకులకీ రాజీ కుదరగానే నీరసించింది. 2011లో జయలలిత దాన్ని లేపి నెలకి డెబ్బై రూపాయలకే కనెక్షన్ ఇప్పించారు. డిజిటల్ లైసెన్సు కోసం 2012లో కేంద్రానికి పెట్టుకున్న దరఖాస్తుకి జవాబు 2017లో గానీ రాలేదు. ఆ ఐదేళ్ల జాప్యాన్ని నేను క్షమించలేను. ఆ వ్యవధిలో ప్రైవేటు సంస్థలూ డీటీహెచ్‌లూ ఇళ్లని పంచుకున్నాయి. అయినా అరసు ఉచితంగా పెట్టెలు పంచి మళ్లీ నిలదొక్కుకోబోయింది.

2022 నవంబరులో ఆ పెట్టెలు మూగబోయాయి. వైరు తెగలేదు, కరెంటు పోలేదు. పెట్టెలూ సాఫ్ట్‌వేరూ సమకూర్చిన ప్రైవేటు సంస్థకీ కార్పొరేషన్‌కీ మధ్య తగాదా వచ్చింది. ఆ సంస్థే కావాలని సేవలు ఆపేసిందని ప్రభుత్వం ఆరోపించింది. రాష్ట్రమంతటా లక్షల ఇళ్లలో తెర నల్లబడింది. దొంగ చూపుని ఆపడానికి పుట్టిన తాళం డబ్బు కట్టిన వాళ్లనే బయట నిలబెట్టింది. ఇల్లు కస్టమర్‌ది, పెట్టె ప్రభుత్వానిది, తాళంచెవి మాత్రం మూడో వాడిది. దీన్ని సాంకేతిక లోపం అనడానికి నా మనసు ఒప్పదు. ఒప్పందం రాసుకున్న నాడే జరిగిన తప్పు ఇది.

ఆ రోజుల్లో జవాబు చెప్పుకోవలసి వచ్చింది ఆపరేటర్లే. తుపాను గాలిలో మేడ మీద తెగిన వైరు అతికించిన వాళ్లు, చందా డబ్బు లేదంటే వచ్చే నెల ఇవ్వమన్న వాళ్లు, గడప గడపకీ వెళ్లి తమ తప్పు లేదని చెప్పుకున్నారు. ఓపిక పట్టలేని ఇళ్లు వేరే పెట్టె తెచ్చుకున్నాయి. సేవలు తిరిగొచ్చినా, వెళ్లిపోయిన ఇళ్లు చాలావరకు తిరిగి రాలేదు.

సొంత తాళం మనకి లేకపోలేదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ సాయంతో బెంగళూరుకి చెందిన బైడిజైన్ సంస్థ భారతీయ కాస్‌ని తయారుచేసింది. ఒక్కో పెట్టెకి విదేశీ లైసెన్సు నాలుగైదు డాలర్లు పలికే రోజుల్లో దాన్ని అర డాలరుకే ఇస్తామన్నారు. ప్రజల డబ్బుతో పెట్టెలు కొనే ఏ రాష్ట్రమైనా, ఆంధ్ర, తెలంగాణలతో సహా, ఒప్పందంలో మొదటి షరతుగా తాళంచెవిని తన చేతిలో ఉంచుకోవాలి. ఈ మాట మీ ఎమ్మెల్యేని అడగండి, మీ కేబుల్ ఆపరేటర్‌తోనూ అడిగించండి.