బల్ల మీదికి వచ్చిన పిడుగు

30 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 15 కిలోవోల్టుల దాకా నింపితే అందులో నిలిచేది దాదాపు 3,400 జౌళ్ళు. లీటరు నీళ్ళను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి కూడా అది చాలదు. అదే శక్తిని రెండు మూడు మైక్రోసెకన్లలో వదిలితే లక్షన్నర ఆంపియర్లు దాటిన ప్రవాహం పుడుతుంది. పలుచని వాయువు పది లక్షల డిగ్రీలకు మించిన ప్లాస్మా అవుతుంది. ఇలా శక్తిని ఒక్క ఉదుటున వదిలే పల్స్ జనరేటర్ల చరిత్రంతా ఈ వేగం కోసం పడిన తపనే.

దారి వేసినవాడు జర్మన్ ఇంజనీరు ఎర్విన్ మార్క్స్. కెపాసిటర్లను సమాంతరంగా నింపి, స్పార్క్ గ్యాపులు పేలగానే శ్రేణిలో కలిసేలా చేశాడు. పది కెపాసిటర్లుంటే వోల్టేజి దాదాపు పదింతలు. 1920ల నాటి ఈ ఉపాయం మొదట్లో పిడుగుపాటును అనుకరించి విద్యుత్ పరికరాలను పరీక్షించడానికి పనికొచ్చింది. 1960లలో బ్రిటన్‌లోని ఆల్డర్‌మాస్టన్‌లో జె.సి. మార్టిన్ బృందం ఆ పల్స్‌ను నానోసెకన్లలోకి కుదించింది. అక్కణ్ణుంచి యంత్రాలు పెరుగుతూనే పోయాయి. అమెరికాలో శాండియా ప్రయోగశాల వారి జెడ్ యంత్రానికి 36 మార్క్స్ జనరేటర్లు, రెండు కోట్లకు పైగా ఆంపియర్లు!

నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచేది మలేషియాలోని మలయా విశ్వవిద్యాలయంలో జరిగిన పని. మాస్కోలో ఫిలిప్పోవ్, లాస్ అలమోస్‌లో మాథర్ విడివిడిగా రూపొందించిన ప్లాస్మా ఫోకస్‌ను, అంటే ప్లాస్మాను ఒక్కచోట నలిపే యంత్రాన్ని, ప్రొఫెసర్ సింగ్ లీ ఒక్క కెపాసిటర్‌తో నడిచేలా తీర్చిదిద్దారు. నడుమ బొటనవేలంత లావు రాగి గొట్టం, చుట్టూ ఆరు రాగి కడ్డీలు. 1985-86లో వర్ధమాన దేశాల పరిశోధకులు అక్కడ శిక్షణ పొంది, ఆ యంత్రాలను తమ దేశాలకు తెచ్చుకున్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికీ ఒకటి వచ్చింది. డబ్బున్న దేశాల సొత్తుగా ఉన్న విద్య అలా మన విద్యార్థుల చేతికందింది.

యంత్రం చిన్నదైతే ప్లాస్మా చల్లబడదు. ఉష్ణోగ్రత, సాంద్రత ఇంచుమించు అంతే ఉంటాయి. తగ్గేవి దాని పరిమాణం, ఆయుష్షు. ఆ ధైర్యంతోనే చిలీ శాస్త్రవేత్తలు 50 జౌళ్ళకూ, చివరికి జౌలులో పదో వంతుకూ దిగారు.

ఆ గొట్టం, కడ్డీలు కొత్తవైతే తొలి షాట్లు సరిగా కుదరవు. ఠప్పున పేలుతుంది, ఆసిలోస్కోప్ తెరమీద ప్రవాహాన్ని చూపే గీత నునుపుగా లేచి దిగిపోతుంది. మళ్ళీ నింపాలి, మళ్ళీ పేల్చాలి. ఏదో ఒక షాట్‌లో ఆ గీత శిఖరం దగ్గర చటుక్కున నొక్కుకుపోతుంది. ప్లాస్మా నలిగి సూదిలా మారిన క్షణం అదే.