జీతం రాని చదువు

1907లో తెలుగువాడికి అబ్రహాం లింకనుతో ఏం పని? కచేరీలో గుమాస్తాగిరీకి ఆయన జీవితం అక్కరకు రాదు. అయినా విజ్ఞాన చంద్రికా మండలి వేసిన మొదటి పుస్తకం అదే. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో అంతకు ముందు ఏడాదే హైదరాబాదులో మొదలైన మండలి అది. ఆ వెనకే ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వచ్చాయి.

పుస్తకాలు వచ్చాయి సరే, కొనే స్తోమత ఎందరికుంది? ఆ లోటు తీర్చింది గ్రంథాలయోద్యమం. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపించారు. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్ననాటి నుంచీ చూపు సరిగా లేని మనిషి! పుస్తకాల సభకు అంతకన్నా తగినవాడు లేడంటాను. చదువు చెవితోనూ అబ్బుతుందనడానికి ఆయనకన్నా సాక్ష్యమేం కావాలి?

మా తాత ఆ బాపతే. చీరాల దగ్గర మగ్గం నేసేవాడు, సంతకం దాకానే వచ్చు. పొద్దుగూకాక పఠన మందిరం అరుగు మీద ఒకరు పత్రిక పైకి చదువుతుంటే చుట్టూ కూర్చుని వినేవాళ్లట. జర్మనీ యుద్ధం సంగతులు ఆయన నిన్న జరిగినట్టు చెప్పేవాడు. వాటివల్ల చీర ధర అణా పెరగలేదు. మరుసటి రోజు పేపరు ఎప్పుడొస్తుందా అని మాత్రం చూసేవాడు.

మా పక్కనే వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలిసింది. 1929లో గాంధీ వచ్చారు. ఆయన చేతికర్ర ఇంకా అక్కడే ఉంది, వచ్చినవాళ్లంతా ముందు దాన్నే చూస్తారు. నాకు మాత్రం పాత పత్రికల గది ముద్దు. ఉద్యోగం నుంచి దిగిపోయాక అక్కడ ఆంధ్రపత్రిక సంపుటాలు ముందేసుకుంటాను. వార్తలకన్నా ప్రకటనలే ఎక్కువ చదువుతాను. తలనొప్పికి అమృతాంజనం అమ్మిన కాశీనాథుని నాగేశ్వరరావే ఆ పత్రికనూ నడిపారు మరి.

ఇప్పుడు ఏ ఊరి గ్రంథాలయం చూసినా గ్రూప్స్ గైడ్లు, వాటి మీద వంచిన తలలు. పిల్లల్ని తప్పుపట్టను, కొలువు కావాలి. కాకపోతే నోటిఫికేషన్ రాని ఏడాది ఆ కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. గ్రంథాలయాలు పెట్టింది ఇందుకు మాత్రం కాదు.

బెజవాడ నుంచి మద్రాసు వైపు వెళ్తుంటే చీరాల దాటగానే వేటపాలెం. ప్యాసింజరు ఆగుతుంది. మీకు బొత్తిగా పనికిరాని పుస్తకం ఒకటి అడిగి తీసుకోండి.